నెమలిగట్టు కావలి బురుజు

1958 ఫిబ్రవరి 9

సామాను పైకి చేరింది. రెండు ట్రంకు పెట్టెలు, బొంతలు, వంట గిన్నెలు. రోలు మాత్రం మోయలేక సగం దారిలో చింతచెట్టు కింద వదిలేశారు. రేపు చూడాలి.

గోడలకు సున్నం ఇంకా తడి ఆరలేదు. చెయ్యి పెడితే చల్లగా తగిలింది. కింద ఒక గది — అది మాకు. గది పక్కనుంచి ముప్ఫై ఎనిమిది మెట్లు. పైన నాలుగు వైపులా తెరిచిన మండపంలాంటిది — అది ఫారెస్టు వాళ్ళది. అక్కడ కూర్చుని అడవిలో ఎక్కడ పొగ లేచినా చూడాలి. అదే ఆయన ఉద్యోగం.

వచ్చినప్పట్నించి ఆయన మూడుసార్లు ఎక్కి దిగారు. ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి!

"రాహేలూ, పైకి రా. మీ నందిగామ కనిపిస్తుంది."

ఎక్కాను. తూర్పున ఎండ తప్ప ఏమీ లేదు. అయినా కనిపించిందన్నాను.

ఫిబ్రవరి 12

ఈ గట్టు మీద కావలి మాతో మొదలు కాలేదట. పునాది తవ్వినప్పుడు పాత బురుజు రాళ్ళు బయటపడ్డాయని మేస్త్రీ చెప్పాడు. ఎవరు కట్టించారో, ఎవరొస్తారని కాపలా కాశారో చెప్పేవాళ్ళు లేరు. ఆ రాళ్ళనే అడుగున పేర్చి దీన్ని లేపారు. అందుకే గట్టు కింది కొత్తపాలెం వాళ్ళు దీన్ని టవరు అనరు, బురుజు అంటారు.

మధ్యలో నాలుగేళ్ళు కర్రల మంచె. ఆయన దానిమీదే కాశారు, వానొస్తే గోనెపట్టా కప్పుకుని. కింద కొత్తపాలెం నుంచి నేను రోజూ అన్నం క్యారేజీ మోసేదాన్ని. ఇక మోయక్కర్లేదు... పొయ్యి ఇక్కడే.

మార్చి 3

మొదటి పొగ!

పైకప్పుకు రైలు పట్టా ముక్క వేలాడదీశారు. తూర్పున మంటయితే ఒక దెబ్బ, దక్షిణానికి రెండు, పడమరకు మూడు, ఉత్తరానికి నాలుగు. ఆగి మళ్ళీ అన్నే. ఆయన నాలుగు కొట్టారు. చెవులు దిమ్మెక్కాయి. కొత్తపాలెం మగవాళ్ళు పచ్చికొమ్మలు విరుచుకుని ఉత్తరం వైపు పరుగు. గంటలో కొట్టి ఆర్పేశారు.

"చుట్ట పొగంత ఉందే! పట్టేశా!"

సాయంత్రం దాకా ఈ మాటే. అన్నం తింటూ కూడా.

ఏప్రిల్ 20

నీళ్ళకు చెలమ దాకా దిగాలి. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు. మోకాళ్ళు...

చెలమ దగ్గర లచ్చవ్వ పరిచయమైంది. పాలేరు ఏటికి అవతలి మనిషి. మొగుడు పోయాక మేకలు తోలుకుని ఇటొచ్చి, అడవి హద్దులో గుడిసె వేసుకుంది. రిజర్వు ఫారెస్టులో మేకలు మేపకూడదు. ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు.

"గా హద్దురాయి ఎక్కడున్నదో మేకలకేం ఎరుక బిడ్డా?"

లచ్చవ్వ మందతో కనిపిస్తే ఆయన రెండోవైపు తిరిగి కూర్చుంటారు. పొద్దున గడపలో చెంబుడు మేకపాలు ఉన్నాయి. ఎవరు పెట్టారని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

1959 ఆగస్టు 6

వాన. పొగ లేదు, పని లేదు. ఆయనకు బైబిలు, నాకు చింతపండు. మధ్యాహ్నం ఇద్దరం నిద్ర.

1961 మే 17

మధ్యాహ్నం పిడుగు పడింది. బురుజు మీదే. మేము కింద గదిలో ఉన్నాం కాబట్టి బతికాం. ఈశాన్యం మూల పైనుంచి కిందికి నెర్రె — నా అరచెయ్యి దూరేంత. ఆయన ముందు నా తల, భుజాలు తడిమారు. తర్వాత గోడ తడిమారు. నాకైతే గోడ మీద కొంచెం అసూయ కలిగింది... దాని దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు.

జూన్ 9

నెర్రెలో గచ్చు నింపారు. మచ్చ మిగిలింది. ఆయన రోజూ దాని పక్కన పెన్సిలుతో గీత పెడుతున్నారు, పెరుగుతోందేమో అని. పెరగలేదు.

1963 ఫిబ్రవరి 2

దుర్భిణి అద్దాలు తుడుస్తున్నారు. పొద్దుట్నించి ఇది ఐదోసారి.

"మసి పట్టింది."

ఆయన కిందికి దిగాక నేను పెట్టుకుని చూశాను. మసి లేదు. పాలేరు ఒడ్డున కొంగ కాళ్ళు కూడా కనిపించాయి.

ఫిబ్రవరి 17

ఆదివారాలు గుడికి దిగలేం కదా, ఆయనే నాకు కీర్తన చదివి వినిపిస్తారు. ఇవాళ కూడా చదివారు. ఒక్క మాట తప్పు పోలేదు. బైబిలు మాత్రం కీర్తనల దగ్గర కాదు, రాజుల గ్రంథం దగ్గర తెరిచి ఉంది.

చీర కొంగుతో చెమట తుడుచుకున్నట్టు ముఖం తుడుచుకున్నాను.

మార్చి 8

ఇప్పుడు నా పనులన్నీ పైనే. బియ్యం ఏరడం పైన. చింతపండు గింజలు తీయడం పైన. కింద గాలి ఆడటం లేదన్నాను. ఆయన నమ్మినట్టే ఉన్నారు.

పదకొండింటికి దక్షిణాన సన్నగా ఏదో లేచింది.

"దక్షిణం కేసి చూడండి. ఏదో ఆడినట్టుంది."

"ఆ... చూశా, చూశా."

రెండు కొట్టారు. ఆయన చూపు మాత్రం తూర్పు వైపే ఉంది.

మార్చి 30

ఇవాళ దాపరికం తెగిపోయింది.

నేను చింతపండు చాట కింద పెట్టి లేచాను. అంతే. నోరు తెరవలేదు. ఆయన సుత్తి తీసుకుని, నా అడుగుల చప్పుడు వైపు తిరిగి —

"పొగ ఎటే?"

"పడమర."

మూడు కొట్టారు. మనుషులు పరిగెత్తారు. ఆరింది. అప్పుడు వచ్చి నా పక్కన కూలబడ్డారు.

"ఎప్పట్నించి తెలుసు?"

"దుర్భిణి తుడిచిన రోజు నుంచి."

"చెప్పలేదేం?"

"మీరు చెప్పలేదుగా."

బెజవాడ వెళ్దాం, కంటి డాక్టరు ఉన్నాడంట అన్నాను. తల అడ్డంగా ఊపారు. డాక్టరు కాగితం రాస్తాడు. కాగితం జగ్గయ్యపేటలో రేంజరు గారి బల్ల మీదకు చేరుతుంది. కళ్ళు లేని కావలివాడు ఎందుకు? ఈ గది ఖాళీ చేసి ఎక్కడికి దిగుతాం? కొత్తపాలెంలో పాక కూడా కూలిపోయింది.

"ముందంతా మంచులో ఉన్నట్టుందే. ఎండలో కూడా మంచే."

నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. చింతపండు చెయ్యి. అంటుకుంటుందన్నా వదల్లేదు.

ఏప్రిల్ 26

కొత్త రేంజరు గారు తనిఖీకి వచ్చారు. ముందుగానే ఒక మనిషిని ఎర్రగుడ్డ ఇచ్చి అడవిలోకి పంపారట. పైకెక్కి, నిలబడి —

"ఏసుపాదం! ఎర్రగుడ్డ ఎక్కడుందో చెప్పు చూద్దాం."

నేను మూల కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. దగ్గరిది ఆయనకు నీడలా ఆనుతుంది. చాట తీసుకెళ్ళి పడమటి వైపు తిరిగి కూర్చున్నాను.

"పడమరండి."

"పడమరంటే? సరిగ్గా ఎక్కడ?"

గుడ్డ మోదుగు చెట్లలో ఉంది. ఏం చెయ్యను...

"అయ్యగారూ, ఎండన పడొచ్చారు. మజ్జిగ తాగుతారాండీ? గ్లాసు లేదు, మోదుగాకు దొప్పలో ఇమ్మంటారా?"

"మోదుగు చెట్లలోనండి," అన్నారు ఈయన వెంటనే.

రేంజరు గారు దుర్భిణిలో చూసి "శభాష్" అన్నారు. దొప్పలో మజ్జిగ రెండుసార్లు తాగారు. వాళ్ళు గట్టు దిగేదాకా ఆగి, మెట్ల మీద కూర్చుని నవ్వుకున్నాం. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. ముందు ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇది తప్పేమోనే."

"పొగ కనిపిస్తోందిగా. ఎవరికి కనిపిస్తే ఏం?"

నేను చెప్పింది నిజమేనని ఇది రాస్తూ కూడా అనుకుంటున్నాను.

1964 మే 30

ఎండాకాలం దాటింది. ఒక్క పొగ తప్పిపోలేదు. దేవునికి స్తోత్రం.

ఆయనకిప్పుడు మెట్లు లెక్కే. ముప్ఫై ఎనిమిదీ నోట్లో అనుకుంటూ దిగుతారు. నేను వెనకాల, అడుగులో అడుగు.

1965 మార్చి 12

నందిగామ నుంచి అన్నయ్య కబురు. అమ్మకు బాగాలేదు, వచ్చి చూసిపో అని.

"వెళ్ళిరా. రెండు రోజులేగా. ముక్కుతో కాస్తాలే," అన్నారు ఆయన. నవ్వించాలని.

దిగేటప్పుడు లచ్చవ్వ ఎదురైంది. కాస్త పైకెళ్ళి ఆయనతో కూర్చోమని చెబుదామనుకున్నాను. చెబితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలి.

"ఊరికి పోతున్నా లచ్చవ్వా" అని మాత్రం అన్నాను.

మార్చి 14

నందిగామ. అమ్మ గంజి తాగింది. జ్వరం తగ్గింది. రేపు పొద్దున్నే బస్సు.

మార్చి 15

బస్సులోంచే కనిపించింది. గట్టుకు పడమటి వైపంతా నలుపు.

చిల్లకల్లు దాటినప్పట్నించి సీట్లోంచి లేచి నిలబడే ఉన్నాను. దిగి ఎలా ఎక్కానో తెలీదు. బురుజు నిలబడే ఉంది, అడుగు మసిబారి. ఆయన మొదటి మెట్టు మీద కూర్చుని ఉన్నారు. రెండు చేతులకూ గుడ్డపీలికలు. కనుబొమలు లేవు.

"వచ్చావా?" అన్నారు. అంతే.

కొత్తపాలెం వాళ్ళు చెప్పారు. నిన్న మధ్యాహ్నం గాలి తిరిగింది. పడమర అంటుకున్న మంట పొగ దక్షిణానికి వాలిపోయింది. ఈయనకు వాసన అటునుంచి తగిలింది. రెండు కొట్టారు. అందరూ దక్షిణానికి పరిగెత్తారు. తప్పని తెలిసేసరికి మంట లచ్చవ్వ గుడిసె దాకా వచ్చేసింది. కేకలు వినబడ్డ వైపు ఈయనొక్కరే దిగారు. లోపల్నుంచి ఆమెను లాక్కొచ్చారు. గుడిసె పోయింది. ఏడు మేకలు పోయాయి. లచ్చవ్వ కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

"పొగ అట్టా వాలితే ఎవరైనా పొరబడతారులేమ్మా," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

ఎవరికీ అనుమానం రాలేదు.

మార్చి 17

లచ్చవ్వ మా గదిలోనే ఉంది. కొబ్బరినూనె రాసి, లేత అరటాకు చుట్టి కడుతున్నాను. మూలగదు. పళ్ళు బిగబట్టుకుంటుంది.

కట్టు కడుతుంటే నా చేతులు ఆగిపోయాయి. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"నీ పెనిమిటికి కండ్లు ఆనయని నాకు రెండేండ్ల సంది ఎరుకే బిడ్డా," అంది తనే.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నా మేకల ముచ్చట మీరెవ్వరికి జెప్పిన్రు?"

తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి ఒక్కో మేకనూ పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఏడు పేర్లు. నేను పక్కనే కూర్చున్నాను. తాకే ధైర్యం లేకపోయింది.

మార్చి 18

జగ్గయ్యపేట వెళ్ళి రేంజరు గారికి చెప్పేస్తానంటున్నారు.

"ఎవరూ అడగలేదుగా!"

"అడగలేదు. అందుకే వెళ్ళాలి."

అరిచాను. ఈ ఏడేళ్ళలో అంత గట్టిగా అరవలేదు. ఎక్కడుంటాం, ఏం తింటాం, ఈ లచ్చవ్వను ఎక్కడ పెడతాం అని. ఆయన అన్నీ విన్నారు.

"మూడు కొట్టాల్సింది రెండు కొట్టానే రాహేలూ. చెవుల్లోంచి పోవడంలేదు."

ఆయన చొక్కా వేసుకున్నారు. గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నారు. సరిచెయ్యలేదు నేను. గట్టు దిగడం మొదలుపెట్టారు, ఒక్కరే, కర్ర తట్టుకుంటూ. లచ్చవ్వకు నీళ్ళు దగ్గరగా పెట్టి నేనూ దిగాను, ముప్ఫై అడుగులు వెనకగా. మలుపు దగ్గర ఆగారు. వెనక్కి తిరగలేదు.

"రా. దారిలో రాయెక్కడుందో చెప్పు."

వెళ్ళి ముందు గుండీలు సరిచేశాను.

మార్చి 19

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

రేంజరు గారు అంతా విన్నారు. పెన్ను మూత పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.

"మరి రెండేళ్ళుగా పొగ చూసిందెవరు?"

"మా ఇంటిదండి."

"అయితే ఆ రోజు మోదుగాకు దొప్ప..."

"అవునండి," అన్నాను నేను. తల ఎత్తలేదు.

రేంజరు గారు కిటికీ వైపు తిరిగారు. కోపమో నవ్వో తెలీలేదు. మళ్ళీ ఇటు తిరిగేటప్పటికి ముఖం మామూలుగా ఉంది.

"నేను పైకి రాయక తప్పదు ఏసుపాదం. ఒకటో తారీకు నుంచి నీకు డ్యూటీ లేదు."

"చిత్తమండి."

"ఒక మనిషి కాలిందయ్యా. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు... ఎందుకు చెప్పావు?"

ఈయన చేతుల గుడ్డపీలికలు సర్దుకున్నారు.

రేంజరు గారు నన్ను చూశారు. "వానలు పడేదాకా అక్కడ పెట్టడానికి మనిషి లేడమ్మా. రోజుకూలి మీద నువ్వు కాస్తావా?"

"కాస్తూనే ఉన్నానండి."

లచ్చవ్వ గుడిసెకు అడవిలో నరికించిన కూపు కర్ర ఇప్పిస్తానన్నారు. హద్దురాయికి అవతల వేసుకోవాలి అని గట్టిగా చెప్పారు.

ఏప్రిల్ 2

రోజుకూలీల మస్టరులో నా పేరు. రాహేలు, వాచరు.

పొద్దున ఉత్తరాన పొగ. నేనే కొట్టాను. సుత్తి ఇంత బరువని ఇన్నాళ్ళూ తెలీదు. రెండో వరసకే భుజాలు లాగేశాయి.

ఆయన పప్పు వండారు. మాడింది. లచ్చవ్వ, నేను మాట్లాడకుండా తిన్నాం. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "మీరిద్దరూ మంచివాళ్ళే," అన్నారు.

జూన్ 24

వాన మొదలైంది. నా పనీ అయిపోయింది. బెజవాడ వెళ్తున్నాం.

జూలై 6

కుడికంటికి శుక్లం ఆపరేషను అయింది. రెండోది వచ్చే ఏడాది. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టారు. కదలకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు. ఎనిమిది రోజులు.

"బయటేం కనిపిస్తోందే?"

కిటికీలోంచి చూసి చెబుతున్నాను. జట్కా. అరటిగెలల బండి. గొడుగు తిరగబడిన పంతులు గారు.

"పొగుందా?"

"ఉంది. రైలుది."

పెదవులు కదిలాయి. "నవ్వకండి, నవ్వకండి!" అని నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది.

ఆగస్టు 22

కళ్ళజోడు ఇచ్చారు. సోడాబుడ్డి అడుగంత మందం. పెట్టుకుని ముందు తన చేతులు చూసుకున్నారు, కాలిన మచ్చలు. తర్వాత నన్ను. చూస్తూనే ఉన్నారు. సిగ్గేసింది... ఈ వయసులో.

"చెవి కింద ఆ మచ్చేంటి?"

"నూనె చిందింది. రెండేళ్ళయింది."

"నాకు చెప్పలేదు."

"మీరు బాధపడతారని."

వేలితో తాకారు. అప్పుడే చిందినట్టు, మెల్లగా.

1966 జనవరి 27

ఈ ఎండాకాలం కూడా నన్నే ఉంచమని రేంజరు గారు రాశారట. పైనుంచి జవాబు రాలేదు. రాకపోయినా పైకెక్కి కూర్చుంటున్నాను. ఎవరో ఒకరు చూడాలిగా.

ఇవాళ నలుగురు వచ్చారు. మూడు కాళ్ళ బల్ల, గొలుసు, సుత్తులు. గట్టంతా సున్నపురాయే అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటున్నారు. బురుజు అడుగు రాయిని ఒక మూల కొట్టి ముక్క సంచిలో వేసుకున్నారు. గోడ మీద తెల్లరంగుతో నంబరు వేశారు.

"ఎందుకండీ?"

"కొలతకమ్మా."

"కొలిచాక?"

"అది మాకు తెలీదు."

వాళ్ళు వెళ్ళాక ఆయన వచ్చి పిడుగు నెర్రె పక్కన నిలబడ్డారు. కళ్ళజోడు సర్దుకుని తన పెన్సిలు గీతలు అన్నీ చూశారు.

ఫిబ్రవరి 16

లచ్చవ్వ కొత్త గుడిసెలో పాలు పొంగించింది. మూడు మేకలు. కుడిచేతి వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి, ఎడంచేత్తో పితుకుతుంది. గట్టు తవ్వుతారేమో అని చెప్పాను.

"తవ్వితే తవ్వనీ. అప్పటిదాంక అడివి ఉండాలె గద," అంది.

మార్చి 2

పొద్దు పొడిచి ఎంతోసేపు కాలేదు. ఇద్దరం పైన ఉన్నాం. నా పని గురించి కాగితం రాలేదు. నంబరు గురించీ ఎవరూ ఏమీ చెప్పలేదు.

పడమర, పాలేరు మీద తెల్లగా ఏదో పరుచుకుని ఉంది.

"పొగే," అన్నారు ఆయన.

"మంచండి. ఏటి మీద రోజూ ఉండేదే."

"ఆ మోదుగుల దగ్గర చూడు. మంచైతే అక్కడ లేవదు."

చూశాను. దుర్భిణితో చూశాను, వట్టి కళ్ళతో చూశాను. నాకు మంచే. ఒంటికన్ను మనిషి, కొత్త అద్దాలు. ఆయనకు ప్రతిదీ పొగలా అనిపిస్తుందేమో. లేక ఇన్నేళ్ళు చూసి చూసి నా కళ్ళే అలిశాయేమో. ఉత్తినే కొడితే కొత్తపాలెం అంతా పని మానుకుని పరిగెత్తుతుంది. కొట్టకపోతే... లచ్చవ్వ గుడిసె ఇప్పుడు కూడా అటే.

సుత్తి ఆయన తీసుకోలేదు. నా వైపు తోశారు.

"నువ్వు చెప్పు. వాచరువి నువ్వు."

ఈ రాసే పుస్తకం ఒళ్ళో ఉంది. ఒక చెయ్యి సుత్తి మీద ఉంది. ఆ తెలుపు కొంచెం కదిలింది. పలచబడుతోందా, చిక్కబడుతోందా... ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఇద్దరం చూస్తున్నాం.